మామా, నేనూ, రెండు మేడలూ

పోయిన నెలలో మా మనవరాలిని కాలేజీలో చేర్పించడానికి మా అమ్మాయి కోయంబత్తూరులోని పీలమేడు బయల్దేరుతుంటే, నేను చదువుకున్న కాలేజీయే కదా, ఒకసారి కళ్ళారా చూసొస్తానని నేనూ కారెక్కి కూర్చున్నాను. ఈ మోకాళ్ళతో ఎందుకమ్మా, హాయిగా ఇంట్లో ఉండరాదా అని అమ్మాయి గొణిగింది గానీ నేను వింటేనా! తీరా గేటు దాటి లోపలికి వెళ్ళి చూస్తే, ఒకప్పుడు పక్కపక్కనే నిలబడి ఒకదాన్నొకటి వెక్కిరించుకుంటున్నట్టుండే రెండు మేడల చోట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నీలంరంగు అద్దాల గోడ ఒకటి ఎండలో కళ్ళు చెదిరేలా మెరిసిపోతోంది. మేడలు రెంటినీ పడగొట్టలేదట, ముందు భాగమంతా కలిపి అద్దాలు తొడిగించారట. ఏది పాత మేడో ఏది కొత్త మేడో పోల్చుకోలేక అక్కడున్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను.

అమ్మాయీ మనవరాలూ ఆఫీసు గదిలోకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే కూర్చుని ఆ అద్దాల కేసి చూస్తూ ఏడ్చాను. చూసినవాళ్ళు ముసలావిడకి ఎండ తగిలిందనుకుని ఉంటారు. ఆ రెండు మేడల గురించి పోట్లాడుకోబట్టే నేను మా మామని పోగొట్టుకున్నానని ఈ వయసులో ఎవరికి చెప్పను? ఇది చదివే మీరంతా ఇంచుమించు నా ఈడువాళ్ళే కాబట్టి మీకు చెబితే నవ్వరని ధైర్యం.

మామ అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా తెలుగువాళ్ళం ఈ కోయంబత్తూరు పక్కకి ఎప్పుడు వచ్చామో మా తాతల తాతలకే సరిగ్గా తెలియదు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. మా నాన్న పట్టుబట్టి నేర్పించబట్టి నాకు ఈ అక్షరాలు వచ్చాయి గానీ, మా వాళ్ళలో చాలామందికి తెలుగు నోటితో పుట్టి నోటితోనే పోతుంది. భాష ఎంత కలగాపులగమైనా మేనరికం మాత్రం మా వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. మేనకోడలి మీద మామకి ఉరిమె, అంటే హక్కు, ఉంటుంది. నేను పుట్టినప్పుడే మా అవ్వ, అంటే అమ్మవాళ్ళమ్మ, నన్ను ఒళ్ళోకి తీసుకుని ఇది నా చిన్నకొడుకు పెళ్ళామని అందట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట వింటూనే పెరిగాను. విని విసుక్కోలేదు. నిజం చెప్పాలంటే ఎవరైనా మళ్ళీ అంటే బాగుండునని చూసేదాన్ని.

కాకపోతే దానికీ ఒక పద్ధతి ఉండేది. పెళ్ళీడు వచ్చిన పిల్ల, వరసైన మామ గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలికి వెళ్ళి తలుపు వెనక నిలబడాలి. ఆ తలుపు వెనక గాజులు గలగలమంటే పిల్లకి ఇష్టమేనని పెద్దవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడిందంటే దానికి అతని మీద అటువంటి ఆలోచన లేదన్నమాట. మా అక్కలందరూ అలాగే తలుపుల వెనక నిలబడి కాపురాలకి వెళ్ళారు.

నాకు ఆ యోగం ఎక్కడిది? నేను ఆర్ట్స్ కాలేజీలో చరిత్ర చదవడానికి చేరేసరికి మామ అదే కాంపౌండులో ఇంజినీరింగు ఆఖరి ఏడు చదువుతున్నాడు. రెండు కాలేజీలకీ కలిపి ఒకటే క్యాంటీను. కాంపౌండు నడుమ పాత మేడ ఉండేది, వంపు తిరిగిన తోరణాలూ, చేత్తో తడిమితే గాజులా నున్నగా తగిలే సున్నపు గోడలూ, ముందంతా ఎర్రటి పెంకులు దించిన పొడవాటి వరండా. దాన్ని ఆనుకునే కొత్త మేడ లేచింది. పూత లేని సిమెంటు, చదునైన కప్పు, గోడంతా నిలువు పలకలు. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ పక్కన ప్యాంటు వేసుకున్న కుర్రాడు నిలబడ్డట్టుండేది. ఆ రోజుల్లో కాంపౌండులో ఏ నలుగురు కలిసినా ఇదే గొడవ, దీని పక్కన దాన్ని కట్టడానికి మనసెలా ఒప్పిందని ఒకరంటే, దాన్ని ఇంకా ఉంచడం ఎందుకని ఇంకొకరనేవారు.

మామ కొత్త మేడ పక్షం. సహజంగానే నేను పాత మేడ పక్షం. ముందు నాకు ఏ పక్షమూ లేదు, ఆయనతో మాట్లాడాలంటే ఎడ్డెమంటే తెడ్డెమనాలని తోచింది, అన్నాను. క్యాంటీను వరండాలో పదిమంది మధ్య టీ గ్లాసు పట్టుకుని, నా కేసి చూడకుండా గాలిలోకి చూస్తూ అనేవాడు: "ఏం పాపా, నీ మేడ సుమ్మా రాజా మాదిరి నిలబడుండాది గానీ, లోపల క్లాసులో పట్టపగలే లైట్ ఏస్తుండారే, ఎందుకంట?" నేను ఊరుకునేదాన్నా! అంతే, గంట కొట్టేదాకా వాదులాట. పక్కవాళ్ళు ఎప్పుడు లేచి వెళ్ళిపోయేవారో కూడా తెలిసేది కాదు.

కట్టడం అబద్ధం ఆడకూడదని మామ అనేవాడు. ఏ దూలం ఏ బరువు మోస్తోందో దారినపోయేవాడికి కూడా కనబడాలి, పూతలేసి పువ్వులు చెక్కి దాచకూడదు అనేవాడు. ఆ నిలువు పలకలు సోకుకి పెట్టినవి కావనీ, ఎండని ఆపి గాలిని రానిస్తాయనీ, పొద్దున్న ఎనిమిదింటికి ఒకసారి వచ్చి వాటి నీడలు నేలమీద ఎలా పడతాయో చూడమనీ బతిమాలేవాడు. రాజుగారి అంతఃపురంలా కట్టిన చోటికి మిల్లు కూలీ కొడుకు రావాలంటే గుమ్మంలోనే కాళ్ళు వణుకుతాయి పాపా, ఇది చూడు, చెప్పులేసుకుని నేరుగా లోపలికి పోవచ్చు అనేవాడు. ఆ మాట దగ్గర ఆగి, టీ గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను ఒకరోజు నిజంగానే పొద్దున్నే వెళ్ళి ఆ నీడలు చూశాను. బాగున్నాయి. ఆయనతో మాత్రం చెప్పలేదు, చెబితే వాదం ఆగిపోదూ!

ఇంట్లో మేమిద్దరం ఎదురుపడి ఒక్క మాట అనుకోవడానికి లేదు. కాంపౌండులో మాత్రం మేడల గురించైతే ఎంతసేపైనా అనుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. నీకు ఆకలేస్తోందా, నిన్న ఎందుకు రాలేదు, ఆ చీర నీకు బాగుంది, ఇవన్నీ మేము తోరణాలుగానూ దూలాలుగానూ మాట్లాడుకున్నామని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు, అప్పుడు ఒట్టి సంతోషం.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి పట్టిమండ్రం పెట్టారు. మా తమిళనాడు సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను, పట్టిమండ్రం అంటే వేదిక మీద రెండు పక్షాలు రెండు వైపులా కూర్చుని వాదిస్తే, నడుమ పెద్దమనిషి ఒకరు విని తీర్పు చెప్పడం. మన కాలేజీకి అందం పాత మేడా, కొత్త మేడా అన్నది విషయం. ఒక పక్షానికి మామ, ఇంకో పక్షానికి నేను. మా బంధువులు చాలామంది వచ్చారు. ముందు వరసలో మా అవ్వ, పక్కన మా అమ్మ.

నేను ఏమేం మాట్లాడానో గానీ, ఒక్క మాట మాత్రం మా అమ్మ ఏళ్ళ తరబడి దెప్పిపొడవబట్టి మరచిపోలేదు. చదునైన కప్పు మీద వాన నీళ్ళు నిలిచిపోతాయి, ఎదుటి పక్షం నాయకుడి బుర్ర కూడా చదునుగానే ఉన్నట్టుంది, అక్కడా నీళ్ళే నిలిచాయి అన్నాను, తమిళంలో. హాలంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మామే, కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ముందు వరసలో కాలేజీ యాజమాన్యం కూర్చుని ఉంటే తీర్పు ఎటు వస్తుంది చెప్పండి, కొత్త మేడే గెలిచింది. వేదిక దిగుతూ మామ నా పక్కగా వచ్చి, "తీర్పు కిడక్కట్టుం పాపా, పేచ్చు నీదే" అన్నాడు. తీర్పుదేముంది, మాటంటే నీదే అని. నేను నేలమీద నడిచి ఇంటికి రాలేదు ఆ రోజు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ముఖం మాడ్చుకుని కూర్చుంది. కట్టుకోవాల్సిన మామని పట్టుకుని ఊరందరి ముందు బుర్రలో నీళ్ళున్నాయంటావా, నీకు నోరెలా వచ్చిందే అని మొదలుపెట్టింది. అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచం మీద కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "పిల్లకి వాడంటే ఇష్టం లేదే. ఉంటే అట్ల ఎదురుగా నిలబడి మాట్లాడతాదా? బలవంతాన కట్టబెట్టి ఒకరినొకరు కొరుక్కుంటుంటే నేను చూడలేనమ్మా, వద్దు" అంది. తన చేతులతో తానే నా కోసం అంతకాలం దాచుకున్న ఆశని పక్కన పెట్టింది ఆ పిచ్చితల్లి, నా మేలు కోరి.

నేను వంటింట్లో నిలబడి ఇదంతా విన్నాను. ఇష్టమేనని అరవాలనిపించింది. వేదిక మీద అంతమంది ముందు అంతసేపు మాట్లాడిన నోరు ఆ ఒక్క మాటకి పెగల్లేదు. ఆడపిల్ల తన పెళ్ళి సంగతి తానే నోరు తెరిచి చెప్పడం మా ఇళ్ళలో అప్పటికి ఎవరూ ఎరగరు. మామ కాదనడులే, ఆయన వచ్చి అడుగుతాడులే అని ఎదురుచూశాను. ఆయన రాలేదు. చదువు ముగియగానే మదురై వైపు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, వాడిపట్టిలో సంబంధం కుదిరింది. ఆయన పెళ్ళిలో నేను హారతి పళ్ళెం పట్టుకున్నాను. నాకు మిల్లు సూపర్‌వైజరుతో పెళ్ళయింది. మా ఆయన దేవుడిలాంటి మనిషి, ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. మాటే అనలేదు లెండి, ఉప్పు చాలిందా అంటే ఊఁ, ఊరికి వెళ్ళొస్తానంటే ఊఁ.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ మామ కనబడేవాడు. బాగుండావా పాపా అంటే బాగుండా మామా, అంతే. ఒకసారి ఆండిపట్టిలో ఎవరిదో పెళ్ళికి వెళితే కల్యాణమండపం ముందుభాగం గుడి గోపురంలా, పైభాగం సినిమాహాల్లా, వెనకభాగం గోడౌన్‌లా ఉంది. మామ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆయన పెదవులు కదిలాయి, నాకూ నవ్వు తన్నుకొచ్చింది. ఇంతలో మా అత్త, అంటే ఆయన భార్య, భోజనాలకి పిలిచింది, ఆయన వెళ్ళిపోయాడు.

అసలు సంగతి మా అమ్మ పోయేముందు ఏడాది చెప్పింది. ఏదో మాటల్లో, తనకి అదేమీ పెద్ద విషయం కానట్టు. ఆ పట్టిమండ్రం అయిన మర్నాడు అవ్వ, వద్దన్నా మనసాగక, మామని అడిగిందట, ఏరా, పిల్లని చేసుకుంటావా అని. మామ, "దాన్ని అడగమ్మా. అది సరే అంటే నాకు సరే" అన్నాడట. మా వాళ్ళలో ఉరిమె ఉన్న మగవాడు అలా అనడు, నా పిల్ల నాకు కావాలంటాడు, అవసరమైతే అలిగి కూర్చుంటాడు. పిల్లనడగండి అన్నాడంటే మర్యాదగా తప్పుకుంటున్నాడని అందరూ తీర్మానించుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. ఆయనేమో నన్ను అడిగారనీ, నేను వద్దన్నాననీ అనుకునే ఉంటాడు. నా మాటకి అంత విలువిచ్చిన మనిషి ఆ ఒక్క మాటా వినకుండానే వెళ్ళిపోయాడే అని, అమ్మ ముందు ఏమీ అనలేక, పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

నిరుడు ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, మామ పోయాడు. వాడిపట్టి వెళ్ళాను. అత్త నన్ను పట్టుకుని భోరుమంది, నేనే ఆమెని ఓదార్చాను. మేనకోడలిని కదా, ఒక మేనకోడలు ఎంత ఏడవాలో అంతే ఏడ్చి బస్సెక్కాను.

అద్దాల గోడ ముందు ఇదంతా తలుచుకుంటూ కూర్చుంటే మనవరాలు పని ముగించుకుని వచ్చింది. మెట్ల మీద ఆడపిల్లలూ మగపిల్లలూ భుజం భుజం ఆనించి కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఏ తలుపూ లేదు, చల్లగా ఉండనీ. ఇష్టముంటే ఉందని, లేకుంటే లేదని చెప్పుకుంటారు, వాళ్ళకి మేడలతో పనేముంది? వాటికేసి ఒక్కరైనా తల తిప్పి చూడటం లేదు. మనవరాలు నా పక్కన కూర్చుని, వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పిందట, ఆ పట్టిమండ్రం సంగతి అడిగింది. "అవ్వా, నువ్వు ఏ సైడు? పాత బిల్డింగా? ఏం చెప్పితివి, నాకు ఒకతరం చెప్పవా?" అంది. ఒకతరం అంటే మా వైపు ఒకసారి అని.

చెప్పడం మొదలుపెట్టాను. కట్టడం అబద్ధం ఆడకూడదు తల్లీ అన్నాను. ఏ దూలం ఏ బరువు మోస్తోందో దారినపోయేవాడికి కూడా కనబడాలి అన్నాను. ఎండ సంగతీ, పొద్దుటి నీడల సంగతీ, మిల్లు కూలీ కొడుకు సంగతీ ఒక్కటీ వదలకుండా, ఆయన ఎక్కడ ఆగేవాడో అక్కడ ఆగి, అంతా చెప్పాను. అది నా ముఖంలోకి వింతగా చూసి, ఇదంతా కొత్త బిల్డింగ్ గురించి కదా అవ్వా, నువ్వు చెప్పింది ఏమిటి అంది. ఎంతసేపు ఆలోచించినా ఆ బుర్రలో నీళ్ళ మాట తప్ప ఇంకొక్కటీ గుర్తు రాలేదు. అన్నేళ్ళూ నేను నా వాదం దాచుకోలేదు, ఆయనదే దాచుకున్నాను. నేను చెప్పినవి ఎవరికైనా గుర్తుంటే అవి ఆయనకే గుర్తుండి ఉండాలి. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.