నూటెనిమిది తోప్పుకరణాలు

మా అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తమిళనాట మారండహళ్ళి పక్కన మా ఊళ్ళో ఆ సంగతి తెలియనివారు లేరు. ఎనభైల్లో ఒక ఏడు, ఆవిడ నా కొడుకు కాళ్ళకు బలం రావాలని పిళ్ళయార్‌కు, అంటే వినాయకుడికి, మొక్కుకుంది. నలభై ఎనిమిది రోజులు వాడు పొద్దున్నే స్నానం చేసి, చెవులు పట్టుకుని, సామి ముందు నూటెనిమిది సార్లు కూర్చుని లేవాలి. మా వైపు దాన్ని తోప్పుకరణం అంటారు.

వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. పిక్కలు చూస్తే పహిల్వాను పిక్కలే, ఊరంతా మెచ్చుకునేది. కింద కూర్చుంటే మాత్రం మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేచేవాడు. "సోమరితనం! ఒళ్ళు వంచితే అన్నీ వస్తాయి" అనేది అత్త. సేద్యం చేసుకునేవాళ్ళం, కష్టపడితే కండ పెరుగుతుందని నేనూ నమ్మాను. అబద్ధమెందుకు?

తొమ్మిదో రోజు వాడి మూత్రం శొంఠితో కాచే నల్లటి సుక్కుకాఫీ రంగులో వచ్చింది. ఆ పూటే నేనూ మా ఆయనా వాణ్ణి తీసుకుని బెంగళూరు పెద్దాసుపత్రికి బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ తమిళంలో ఓపిగ్గా చెప్పింది. కండలో ఒక్కో పోగుకూ సన్నటి పొర ఉంటుందట. వీడికి ఆ పొర పుట్టుకతోనే బలహీనం. ఎందుకో ఇంకా ఎవరికీ సరిగా తెలియదట. బరువును ఆపుకుంటూ కండ సాగినప్పుడు ఆ పొర చిరుగుతుంది. అందుకే లేవడం కంటే కూర్చోవడం, ఎక్కడం కంటే దిగడం ప్రమాదమంది. మందు లేదు, ఇలాంటి పిల్లలకు పన్నెండేళ్ళ లోపే నడక పోతుంది. మెల్లగా నడవనిస్తూ, చిరగకుండా కాపాడుకుంటే నడక ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. తోప్పుకరణాల సంగతి చెప్పగానే ఆవిడ తల పట్టుకుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. మా ఇంట్లో పూజారి అత్తే. ఇంటికొచ్చి ఇదంతా చెబితే ఆవిడ వినలేదు.

"మొక్కు నడుమ వదిలితే కండ్లు పోతాయే. డాక్టరమ్మకేం తెలుసు?"

నాకు ఒళ్ళు మండింది. "కన్నదాన్ని నేనున్నా కదా అత్తా. మిగిలిన దినాలు నేనే వేస్తాను. సామి ఒప్పుకోకుంటే వచ్చి నాతో మాట్లాడమను."

పంతంతో ఆ రోజే నూటెనిమిదీ వేశాను. రెండో రోజూ వేశాను. మూడో రోజు మిరపకాయలు ఆరబోయడానికి ఎలాగో మిద్దె ఎక్కాను గానీ, దిగడం నా వల్ల కాలేదు. ఒక్క మెట్టు దిగితే తొడలు వణికి ప్రాణం పోయినంత పనైంది. చివరకు ఒక్కో మెట్టు మీదా కూలబడుతూ దిగాను. కింద చింతపండు గింజలు తీస్తున్న అత్త ఇదంతా చూసింది.

"ఎక్కేటప్పుడు బాగానే ఎక్కితివి కదే?"

"డాక్టరమ్మ చెప్పింది ఇదే అత్తా. గడ్డిమోపు మోసే దాన్ని, నాకే ఇట్లుంది. నా కండలు నాలుగు దినాల్లో మానతాయి. వానివి మానవు."

అత్త చేతిలోని చింతపండు పక్కన పెట్టి, "బిడ్డ కాళ్ళు నేనే తీసేస్తా ఉండానా?" అని భోరున ఏడ్చింది. అన్నాళ్ళ నా కోపం అక్కడే కరిగిపోయింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

ఆ తర్వాత మొక్కు మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు; ఆ మూడుకాళ్ళ కుందేలు మా వైపు వచ్చేసింది. పంక్తిలో నేల మీద కూర్చోనివాడికి అన్నం పెట్టని మనిషి, మనవడి కోసం ఎత్తుపీట చేయించింది. బళ్ళోకి పోయి డ్రిల్ మాస్టరును నిలదీసింది.

"వానికి పరుగు లేదు, గుంజీళ్ళు లేవు. శిక్ష వేయాలంటే నాకు కబురు పెట్టు, నేనొచ్చి వేస్తా."

పిల్లలంతా నవ్వారు, మాస్టరూ నవ్వాడు. మళ్ళీ వాణ్ణి ఎవరూ పరుగెత్తించలేదు. బస్సు దిగేటప్పుడు ఎవరు తిట్టినా సరే, వాణ్ణి ఎత్తి దించాకే ఆవిడ బస్సును కదలనిచ్చేది.

పదమూడో ఏట వాడు తన కాళ్ళ మీదే నడుస్తూ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. వెనకే నేను, అత్త. మెల్లగానే నడిచాడు, కానీ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇంట్లో ఏం చేశారు అవ్వా?" అని అత్తను అడిగింది.

"ఏం చేయలేదమ్మా" అంది అత్త. "నేను నోరు మూసుకున్నా. వాని కాళ్ళు నిలిచినాయి."