పెద్దల మందిరం తాళంచెవి

మా ఎదురింటి లియెన్‌జెన్‌కు అనుమానం కూరలో ఉప్పులాంటిది. అది లేనిదే ఏదీ రుచించదు. బాతుగుడ్లు అమ్మేవాడు వస్తే గుడ్డును వెలుతురుకు పట్టి చూస్తుంది, ఆ తర్వాత వాణ్ణీ అలాగే చూస్తుంది. మా ఇంట్లో టీ ఇచ్చినా ముందు వాసన చూసిగాని గుటక వెయ్యదు. ఇద్దరం ఒకే ఏడాది ఈ సరస్సు ఒడ్డుకి కోడళ్ళుగా వచ్చాం కాబట్టి నాకది అలవాటైపోయింది.

భర్త ఛాంగ్‌గెన్ పోయాక థూ వంశం వాళ్ళ పెద్దల మందిరం తాళంచెవి ఆవిడ చేతికొచ్చింది. బయటి వంశం నుంచి వచ్చిన ఆడదానికి తాళంచెవి ఏమిటని కొందరు సణిగారు. వంశానికి పెద్దదిక్కు, ఆవిడకు బావగారి వరసైన గ్వాంగ్‌షెంగ్ మాత్రం ఉండనివ్వండి అన్నాడు. అప్పటినుంచి దాన్ని తాడుకు కట్టి మెడలో వేసుకునే తిరుగుతోంది. మందిరం లోపల పూర్వీకుల పేర్ల పలకలకు అటూ ఇటూ కర్పూరపు చెక్కతో చేసిన పాత తలుపు రెక్కలున్నాయి. వాటి నిండా కొంగలు, రెల్లు, తామరలు చెక్కి ఉంటాయి. సరస్సు చుట్టూ ఊళ్ళలో ఇలాంటివి ఒక్కొక్కటే మాయమయ్యాయి. ముందు ఫొటోలు తీసేవాళ్ళు వస్తారు, ఆ వెనక తలుపులు పోతాయి. మా ఊళ్ళో పోలేదంటే తన వల్లేనని ఆవిడ గర్వం. ఆ గర్వం తప్ప ఆవిడకు వేరే ఆస్తి లేదు.

మనుషుల్ని తేల్చుకోవడానికి ఆవిడకో పరీక్ష ఉంది. మందిరం కోసం వచ్చినవాళ్ళకు ముందు భోజనం పెడుతుంది. పళ్ళెంలో ముక్కలు కొయ్యని నిండు చేప ఉంటుంది. పడవల మీద బతికినవాళ్ళం, పళ్ళెంలో చేపను తిరగెయ్యం. తిరగేస్తే పడవ బోల్తా పడుతుందని మా భయం. పైభాగం తిన్నాక వెన్నుముల్లు ఎత్తి తీసేసి కిందిది తింటాం. సరస్సులో వలలు నిషేధించాక పడవలు ఒడ్డునే ఎండుతున్నాయి, చెరువుల్లో పెంచిన చేపలే తింటున్నాం, అయినా తిరగెయ్యం. తిరగెయ్యనివాడు లియెన్‌జెన్ లెక్కలో మనవాడు. తిరగేసినవాడు దొంగ, ఇవాళ కాకపోతే రేపు.

మూడేళ్ళ కిందట వానలకు మందిరం కప్పు కారితే సరస్సు అవతలి నుంచి మావ్ అనే వడ్రంగి వచ్చాడు. ఆ వెన్నుముల్లు ఎంత ఒడుపుగా తీశాడో ఆవిడ ఊరంతా చెప్పుకుంది. పని అయ్యాక, రెక్కలు ఎండిపోయాయి, ఇంటికి తీసుకెళ్ళి నూనె పట్టించి తెస్తానన్నాడు. సొంత తమ్ముణ్ణి నమ్మినట్టు నమ్మి, దగ్గరుండి వ్యానెక్కించింది. చెప్పిన మాట ప్రకారం తెచ్చి బిగించి వెళ్ళాడు.

మొన్న చలికాలం మొదట్లో, కొంగలు దిగే రోజుల్లో, ఉత్తరాది నగరం నుంచి ఛియావ్ అనే అమ్మాయి పొడుగాటి కెమెరా తగిలించుకుని వచ్చింది. కొంగల కోసమే వచ్చానంది. కొంగలు బురదమేటల మీదుంటే దీని చూపు మన చూరుల మీదుందేమిటని లియెన్‌జెన్ నా చెవిలో గొణిగింది. వెంటనే భోజనానికి పిలిచింది. పరీక్ష చూడ్డం నాకూ సరదానే, నేనూ వెళ్ళాను. ఆ పిల్ల మాటల్లో పడి, పైభాగం అయిపోగానే చేపను అమాంతం బోర్లా తిప్పింది. లియెన్‌జెన్ నావంక చూసింది. ఆ చూపుతోనే తీర్పు అయిపోయింది.

అయినా మందిరం చూపించక తప్పలేదు. వచ్చినవాళ్ళకు చూపించమని గ్వాంగ్‌షెంగ్ మాట. ఆవిడ ఆ పిల్ల వెనకే నీడలా తిరిగింది, నేనూ వెంట ఉన్నాను. ఛియావ్ ఒక తలుపు దగ్గర గొంతుక్కూర్చుని నేల మీద వేలు పెట్టింది.

"ఏంటమ్మాయ్ గీకుతున్నావ్?"

"గీకట్లేదు పిన్నీ. పొడి రాలుంటే చూస్తున్నా."

"పొద్దున్నే ఊడ్చాను నేను. నువ్వొచ్చాకే రాలింది."

ఆ పిల్ల లేచి రెండు చేతులూ, గోళ్ళతో సహా, మా ముందు చాపింది. అంతలో మేం చూస్తుండగానే రెక్క అంచు నుంచి ఇంకాస్త పిండి జారింది.

"పురుగు తొలుస్తోంది పిన్నీ."

"కర్పూరపు చెక్కకి పురుగెలా పడుతుంది?" అని కసిరి, ఆవిడ అక్కడే ఆగిపోయింది.

మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. బట్టల పెట్టెలు ఆ చెక్కతో చేయించుకునేదే పురుగు రాదని. ఆవిడ రెక్కకు ముక్కు ఆనించింది. తర్వాత నన్నూ చూడమంది. వార్నిష్ వాసన తప్ప కర్పూరం వాసనే లేదు. మావ్ తెచ్చి బిగించినవి అసలు రెక్కలు కావు. ఆ పిండిని పాత గోడల దుమ్మనుకుని రోజూ ఊడ్చింది తనే. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి, ఆ తలుపుల్ని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

ఛియావ్‌ను ఒక్క మాట కూడా అనకుండా పంపేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని లియెన్‌జెన్‌ను నేను బతిమాలాను. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతారు, ముందు నీ మీదే పడతారని చెప్పాను. ఆవిడ వినలేదు. ఇంకొకరు కనిపెట్టేదాకా ఊరుకుంటే నిజంగానే దొంగనవుతాను, నా నోటితో నేనే చెప్తానంది.

ఆ సాయంత్రమే ఇద్దరం గ్వాంగ్‌షెంగ్ ఇంటికి వెళ్ళాం. ఆయన వాకిట్లో కూర్చుని తామరగింజల్లోంచి చేదు మొలకలు తీస్తున్నాడు. లియెన్‌జెన్ నిలబడే అంతా చెప్పింది. మావ్ సంగతి, వ్యాను సంగతి, పురుగు సంగతి, దేన్నీ దాచలేదు. ఆయన తలెత్తలేదు, పని ఆపలేదు.

"నాకు తెలుసమ్మా. వాడు బిగించి వెళ్ళిన నెలకే తెలిసింది."

"మరి చెప్పలేదేం బావగారూ?"

"ఏం చెప్పను? అదే ఏడాది నీ వంటింటికి కొత్త పెంకులు పడ్డాయి. అసలు రెక్కల్ని నువ్వే అమ్ముకున్నావనుకున్నాను. ఛాంగ్‌గెన్ పేరు తల్చుకుని ఊరుకున్నాను."

ఆ పెంకులు ఆవిడ కూతురు వేయించినవి. ఆ మాట నేను చెప్పబోతుంటే లియెన్‌జెన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మెడలోంచి తాడు తీసి, తాళంచెవిని ఆయన ముందున్న పీట మీద పెట్టింది. ఊళ్ళో ఇంకెవరికి తెలుసని చాలా నెమ్మదిగా అడిగింది. ఆయన తాళంచెవిని వేలితో ఆవిడ వైపు తోశాడు.

"ఉంచుకో అమ్మా. పోవడానికి అక్కడింకేం లేదు. అందుకేగా ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉండనిచ్చాను."