మధ్యలో ఆగిన తిట్టు

జిద్దాలోని షరఫియా పేటలో నేను చొక్కాలు కుట్టించుకునే టైలరు, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే ఇప్పటికీ షట్టర్ సగం దించేస్తాడు. నమాజు వేళ దుకాణాలు మూయాలన్న కట్టడి పోయి కొన్నేళ్లయింది, చుట్టుపక్కల వాళ్లంతా తెరిచే ఉంచుతున్నారు. ఈయన చేతికి మాత్రం ఆ అలవాటు పోలేదు. మొన్న ఆ ఇనుప రేకు గరగరమంటూ దిగినప్పుడు నేను మెట్టు మీద నిలబడి ఫోనులో ఒక సందేశం రాస్తున్నాను. మా పత్రికలో కొత్తగా చేరిన విలేకరి, ప్రమాదంలో చనిపోయిన మనిషి పేరుకు బదులు బతికున్న అతని అన్న పేరు రాశాడు. పొద్దుటి నుంచి ఆ ఇంటివాళ్ల ఫోన్లకు జవాబు చెప్పుకుంటున్నది నేను. "ఇంకోసారి గనక నువ్వు" అన్నంతవరకు రాసి, షట్టర్ చప్పుడుకు ఆగిపోయాను. మస్తాన్ సార్ గుర్తొచ్చారు.

ఆయన జిద్దాలో మా ఇండియన్ స్కూలుకు ఫుట్‌బాల్ కోచ్. ప్రొద్దుటూరు మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. మెడలో విజిల్ వేలాడేది కానీ దాన్ని ఊదడం నేను పెద్దగా చూడలేదు. ఆయన గొంతే చాలు. మలయాళీ పిల్లల్ని హిందీలో, హైదరాబాదీలను ఉర్దూలో తిట్టేవారు. జట్టులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ని నేనొక్కణ్నే. మాది కరీంనగర్ వైపు. నాన్న రాబిగ్‌లో ఏసీ మెకానిక్‌గా చేస్తూ వారానికోసారి జిద్దాకు వచ్చేవాడు. సొంత భాష దొరికింది గనుక కాబోలు, సార్ తిట్లలో మేలురకమంతా నా వంతుకే వచ్చేది. అర్థం కాకపోయినా మిగతావాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఆ తిట్లకు ఒక పద్ధతి ఉండేది. అజాన్ వినపడితే మాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. ఒకసారి నేను ఖాళీ గోల్ ముందు బంతిని పక్కకు తన్నాను. "నీవి కాళ్లు గావురా అబ్బీ, అవి..." అంటూ ఆయన పరుగెత్తుకొస్తుండగా అజాన్ మొదలైంది. ఆయన నోరు మూసుకుని, చేతులు దించుకుని, వుజూకు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వాటర్ ట్యాంకర్ దగ్గరికి వెళ్లిపోయారు. మైదానం పక్కన చాపలు పరిచారు. నమాజు అయింది. చాపలు చుట్టి పెట్టారు. నేను అంతా మరిచిపోయారనుకున్నాను. సార్ సరిగ్గా నా ఎదురుగా వచ్చి నిలబడి, "రోకలిబండలు!" అన్నారు. మా కెప్టెన్ షాజీ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, ఏడాదంతా నన్ను ఆ పేరుతోనే పిలిచాడు.

పదో తరగతిలో ఉండగా స్కూళ్ల మధ్య ఫైనల్‌లో నాకు పెనాల్టీ వచ్చింది. గోల్ మీదుగా, గోడ మీదుగా బయటికి కొట్టాను. కప్పు పోయింది. "మీ నాయనకు ఫోన్ చెయ్‌రా, బంతి రాబిగ్‌లో పడిందేమో చూడమను" అన్నారు సార్. ఆ మాట స్కూలంతా పాకింది. తిట్టిన మర్నాటి నుంచే ప్రాక్టీసు అయ్యాక నన్ను ఆపి, అందరూ వెళ్లిపోయినా పెనాల్టీలు కొట్టించేవారు. ఇంకొక్క అవకాశం వస్తే ఆ మాట తుడిచిపెట్టుకోవాలన్నదే నాకు మిగిలిన కోరిక.

మరుసటి ఏడు మళ్లీ ఫైనల్, మళ్లీ అదే జట్టు. ఆట ఆలస్యంగా మొదలైంది. ఒక్క గోల్ వెనకబడి ఉన్నాం, ఇంకా రెండు మూడు నిమిషాలుందనగా మాకు పెనాల్టీ ఇచ్చారు. షాజీ బంతి అందుకోబోయాడు. "నువ్వు గాదు. శీనుగాడు కొడ్తాడు!" అని గీత అవతలి నుంచి అరిచారు సార్. తర్వాత నా వైపు వేలు చూపించి, "రేయ్, ఇనుకో. ఈసారి గాన నువ్వు..." అన్నారు.

అజాన్ మొదలైంది.

సూడానీ రిఫరీ బంతిని చుక్క మీద పెట్టి, నమాజు తర్వాత అని సైగ చేశాడు. రెండు జట్లలోనూ నమాజు చేసేవాళ్లు వరసల్లో నిలబడ్డారు. వాళ్ల గోలీ కూడా చేతి తొడుగులు తీసి వెళ్లాడు. మిగతావాళ్లు నీళ్ల డబ్బా చుట్టూ చేరారు. నేను మాత్రం బంతిని వదిలి కదల్లేకపోయాను. ఎదురుగా ఖాళీ గోల్, వెనక ఆగిపోయిన మాట. ఈసారి గాన నువ్వు తప్పితే ఏమిటి? జట్టులోంచి తీసేస్తారా? మళ్లీ మొహం చూడరా? ఆయన ఏదీ సగంలో వదిలే మనిషి కాదు, తిరిగొచ్చి పూర్తి చేస్తారు. ఆ మిగతా సగాన్ని నేనే పది రకాలుగా అల్లుకున్నాను. ప్రతిదీ ముందుదానికన్నా ఘోరంగా ఉంది.

నమాజు అయింది. గడ్డం తడి ఇంకా ఆరకుండానే సార్ నేరుగా నా దగ్గరికి వచ్చారు. నేను తల వంచుకున్నాను.

"లేసు ఊడింది, కట్టుకో" అన్నారు. అంతే. గీత అవతలికి వెళ్లిపోయారు.

కొట్టాను. గోలీ కుడివైపు దూకి తోసేశాడు. బంతి తిరిగి నా ముందుకే వచ్చిందని తర్వాత అందరూ చెప్పారు. నేను చూడలేదు, రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. ఓడిపోయాం. వ్యానులో సార్ అందరికీ లబన్ అనే మజ్జిగ సీసాలు పంచారు. నా చేతికి ఒకటిచ్చి, "తాగు, సల్లగుంది" అన్నారు. మిగిలిపోయిన ఆ సగం ఎప్పుడు పడుతుందా అని నేను స్కూలు గేటు దాకా కాచుకున్నాను. పడలేదు. వారం తర్వాత ప్రాక్టీసులో మాత్రం మొదటి నుంచి చివరిదాకా తిట్టారు: "మొగం మూసుకోని నిలబడితే ఎనక్కొచ్చిన బంతిని ఎవురు కొడ్తారు? మీ తాత వస్తాడా?" అది వేరే తిట్టు. అందులో నేర్చుకునేది ఉంది.

చాలా ఏళ్లకు, ఆయన ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద ఊరికి పూర్తిగా వెళ్లిపోయే వారంలో, షరఫియాలో ఒక హోటల్లో కలిశాం. పెట్టెకు కట్టడానికి తాడు కొనుక్కుని వచ్చారు. టీ తాగుతూ అడిగేశాను.

"ఆ రోజు ఫైనల్ల ఏం చెప్పబోయిన్రు సార్?"

"కాళ్లిరగ్గొడ్తా అనింటాలే. అంతకు మించి నాకేమొస్తాయిరా మాటలు?"

"మరి మల్లొచ్చినంక ఎందుకు అనలే? మీరు ఎన్నడు ఇడిచిపెట్టలే గదా."

ఆయన సాసర్ పక్కకు జరిపారు. "నమాజు ఆఖర్న సలాం చెప్పేటప్పుడు కుడిపక్కకి తల తిప్పుతాం గదా. తిప్పితే నువ్వు అగపడినావు. గోల్‌లో ఎవురూ లేరు, నువ్వొక్కడివే బంతి కాడ నిలబడుకోని ఉండావు. ఈనికి భయం చాలినంత ఉంది, నేను ఇంగ పెట్టే పన్లేదు అనుకున్యా." తాడు చుట్ట చంకన పెట్టుకుని లేచారు. "అయినా కొట్టలేకపోతివి గదరా, రోకలిబండ!"

డెస్కు మీద ఇన్నేళ్లుగా కోపంతో ఎన్నో మాటలు మొదలుపెట్టాను. చాలావాటిని పూర్తి చేశాను కూడా, నాకు ఆయనంత నిగ్రహం లేదు. కానీ మధ్యలో ఆగడానికి వీలు దొరికినప్పుడల్లా, అవతలి మనిషి ఈ వేళకు ఎక్కడ నిలబడి ఉంటాడో ఒకసారి అటు తల తిప్పి చూస్తాను.

టైలరు షట్టర్ పైకెత్తి, "రండి సార్, చొక్కా అయింది" అన్నాడు. ఫోనులో ఆ సగం వాక్యం అలాగే ఉంది. ఆ విలేకరి కుర్రాడు పొద్దుటి నుంచి నాకు ఫోన్ చేయలేదు, ఆఫీసుకూ రాలేదు. వాక్యం చెరిపేసి, "రేపు పొద్దున్నే రా. ఆ చనిపోయినాయన ఇంటికి ఇద్దరం వెళ్దాం" అని రాసి పంపాను.