విమానంలో వేసిన తువ్వాలు

అద్దంకి బస్టాండులో మీరా హుస్సేన్ మేస్త్రీ తువ్వాలు వేసిన సీటు జోలికి ఎవడూ వెళ్లేవాడు కాదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి విసిరేవాడు. అది ఇంకొకడి ఒళ్లో పడినా సరే, "సీటు మనదే, లేవవయ్యా" అని గదమాయించేవాడు. నోరు అంత పెద్దది. చేతిపని మాత్రం బంగారం. నాలాంటి మొద్దుకి తాపీ పట్టడం నేర్పింది ఆయనే. వరసకి ఏమీ కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. మాది దర్శి. రెండేళ్లు వరసగా మిరప తోట బొబ్బర తెగులు తగిలి పోయాక, 2002లో ఆయన వెంట మాల్దీవులకు పనికి వెళ్లాను.

అక్కడ ఉత్తరపు కొసన ఓ బుల్లి దీవి. విమానాలు దిగే చోటు పక్కనే గోడౌను కడుతున్నాం. రాజధాని మాలేకి కూడా విమానాశ్రయం ఓ దీవి మీదే. ఈ రెంటికీ మధ్య రెండొందల ఎనభై కిలోమీటర్లు. విమానంలో యాభై నిమిషాలు, అంటే అద్దంకి నుంచి ఒంగోలు బస్సులో పోయినంతసేపు. సరుకుల బోటులో అయితే ఒక పగలూ ఒక రాత్రీ.

ఓ పొద్దున కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాను. దీవిలో ఉన్న ఒక్క డాక్టరూ పొట్ట నొక్కి చూసి, సాయంత్రంలోగా మాలేలో ఆపరేషన్ చెయ్యకపోతే అపెండిక్స్ పగులుతుందన్నాడు. పదకొండింటికి విమానం ఉంది. సీట్లన్నీ నిండిపోయాయి. మళ్లీ విమానం రెండు రోజులకి.

"నిండితే ఏం? మన బస్సు నిండలేదా ఏనాడూ?" అన్నాడు మామ.

నన్ను చంక కింద ఇరికించుకుని, ఆపబోయిన ఉద్యోగిని భుజంతో నెట్టేసి, మెట్లెక్కాడు. జనం ఇంకా ఎక్కుతున్నారు. తలుపు పక్కన ఖాళీగా కనిపించిన సీట్లో తువ్వాలు పడేశాడు. ఓరి నాయనో, విమానంలో తువ్వాలు! అంత నొప్పిలోనూ నాకు సిగ్గేసింది.

"పరువు తీయమాక మావా!"

"నోర్మూసుకో. పరువెక్కడికీ పోదు, పోయేది నువ్వు!"

ఆ సీటు ఒక ముసలాయనది. మా వెనకే ఎక్కి, తువ్వాలు చూశాడు, నన్ను చూశాడు. మామ నా పొట్ట చూపించి తన అద్దంకి ఉర్దూలో ఏకరువు పెట్టాడు. విమానంలో అందరూ నవ్వుతున్నారు, ఆయన నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి, నా భుజం తట్టి, దిగిపోయాడు. ఆయనే ఒప్పుకున్నాక ఉద్యోగులు కాదనలేక, మామని మాత్రం దింపేసి తలుపు వేశారు.

ఆ సాయంత్రమే మాలేలో ఆపరేషన్ చేశారు. ఇంకో గంట ఆగితే దక్కేవాడివి కాదన్నారు.

మూడో రోజు ఆ ముసలాయన నా మంచం దగ్గరికి వచ్చాడు. సంగతి నర్సు చెప్పింది. ఆయన భార్యకు గుండె ఆపరేషన్. ఇదే ఆసుపత్రి, పై అంతస్తు. కత్తి పడకముందు ఒకసారి ఆమెను చూద్దామని ఆ రోజు బయలుదేరాడట. నాకు సీటిచ్చి బోటులో వచ్చేసరికి ఆమెను లోపలికి తీసుకుపోయారు. కుట్లు లాగుతున్నా లేచి దండం పెట్టాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను పడుకోబెట్టి, గ్లాసుతో మంచినీళ్లు పట్టించాడు. ఆయన పేరు ఎంత పలికినా నాకు నోరు తిరగలేదు గానీ, రోజూ తలుచుకుంటాను.

ఆయన వెళ్లాక దీవికి ఫోన్ చేస్తే, ఎత్తిన తోటి పనివాడు చెప్పాడు. విమానం ఎగిరిపోయాక గానీ మామకి ఆ విషయం తెలియలేదట. అప్పటినుంచీ అన్నం ముట్టలేదట.

"ఒరేయ్, ఆవిడ బతికుందా?" అన్నాడు మామ ఫోను లాక్కుని, హలో కూడా అనకుండా.

"ఉంది మావా. పొద్దున కళ్లు తెరిచింది."

అంత నోరున్న మనిషీ ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నేనూ బతికే ఉన్నాను మావా," అన్నాను.

"నీకేంరా, నీకు సీటు దొరికింది," అన్నాడు.