ఎడమ కంటి గురి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ వినపడే మాట ఒకటుండేది: "ఆ చెయ్యి కాదు." అన్నం ముద్ద ఎత్తినా, పెన్సిలు పట్టినా, ప్రసాదానికి చెయ్యి చాచినా మా అమ్మ నోటి నుంచి ఆ మాట దానంతటదే వచ్చేసేది. నాది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మాటలు సరిగ్గా రాకముందే నన్ను కుడివైపుకి మార్చేశారు. అమ్మ కోపిష్ఠిది కాదు. ఇంటికొచ్చినవాళ్ళకి ఎడమ చేత్తో మంచినీళ్ళిస్తే పరువు పోతుందని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి, అంతే. ఆ నమ్మకాన్ని కాకినాడ నుంచి కెనడాలోని విన్నిపెగ్ దాకా ఆవకాయ సీసాలతో పాటు భద్రంగా తెచ్చుకుంది.

దాంతో నేను గ్లాసులు జారవిడిచే పిల్లనయ్యాను. బంతి విసిరితే పట్టుకోలేను, కత్తెరతో కాగితం తిన్నగా కోయలేను. "దీనికేదీ చేతకాదు" అని అమ్మ వచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ అనేది. నేనూ నవ్వేసి, తర్వాత గదిలోకి పోయి ఏడ్చేదాన్ని.

మా నాన్నకి ఆఫీసులో పక్క సీటాయన వల్ల ఒక పిచ్చి అంటుకుంది. ఊరి బయట, గోధుమ చేలు దాటాక, ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. చాలా దూరంలో పెట్టిన కాగితం మీద రైఫిల్‌తో గురి చూసి కొట్టడమే అక్కడి ఆట. లైసెన్సు, తాళం వేసిన పెట్టె, చెవులకు రక్షణ, అడుగడుగునా నియమాలు. నాన్నకి నియమాలంటే ప్రాణం, అందుకే ఆ ఆట అంత నచ్చిందని మా అమ్మ వెక్కిరించేది. నాకు పన్నెండేళ్ళు నిండాక నేనడిగితే నన్ను కూడా అక్కడి జూనియర్లలో చేర్చాడు. నాకు చప్పుడు కంటే దాని ముందుండే నిశ్శబ్దం ఇష్టం. ఊపిరి వదిలేసి, లోకమంతా ఒక చిన్న నల్ల చుక్కలోకి వచ్చి ఆగిపోయే ఆ క్షణం ఇష్టం. నా అంతట నేను కావాలని అడిగి చేరింది అదొక్కదానిలోనే.

ఇష్టం ఉంటే సరిపోతుందా? నేను కొట్టినవి కాగితం మీద చింతపిక్కలు చల్లినట్టు పడేవి. లోపం స్కోప్‌లో ఉందని నాన్న తేల్చాడు. స్కోప్ అంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి. ఆయన టీవీ అయినా ఫ్రిజ్ అయినా పెద్ద నంబరు చూసి కొనే మనిషి. అలాగే దూరాన్ని అన్నిటికంటే ఎక్కువ పెద్దది చేసి చూపించే స్కోప్ తెచ్చాడు. అందులోంచి చూస్తే నల్ల చుక్క నా గుండెతో పాటు ఎగిరెగిరి పడేది.

అవి మన ఊళ్ళ నుంచి పిల్లలు కెనడా చదువులకి వెల్లువలా వచ్చిన రోజులు. మా వీధిలో ప్రతి బేస్‌మెంట్‌లోనూ తెలుగే వినపడేది. మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకుండేది. పగలు కాలేజీ, సాయంత్రాలు గాలాలు, టెంట్లు, బైనాక్యులర్లు, స్కోపులు అమ్మే దుకాణంలో పార్ట్‌టైమ్ పని. మేం ఆమెని బేస్‌మెంట్ అక్క అనే పిలిచేవాళ్ళం. నాన్న పెద్ద స్కోప్ పట్టుకుని కిందికి వెళితే అందులోంచి చూసి ఫక్కున నవ్వింది.

"నంబర్ పెద్దగుంటె దూరం దగ్గరికి రాదు అంకుల్, మన వణుకుడే పెద్దగ కనబడ్తది" అంది.

అది మార్చి కాస్త తక్కువ శక్తి ఉన్నది, కనుచూపుకి విశాలంగా ఉన్నది ఇప్పించింది. ఆకాశం వైపు చూస్తూ కంటి దగ్గరి రింగు తిప్పితే లోపలి అడ్డగీత, నిలువుగీత స్పష్టంగా కనపడతాయని చూపించింది. పక్కనున్న మర తిప్పుతూ తల కొద్దిగా ఆడించి చూడమంది. తల ఆడినా ఆ గీతలు గురి మీద నుంచి జరగకూడదట. నేను అన్నీ చేశాను. చింతపిక్కలు మాత్రం మళ్ళీ చల్లినట్టే పడ్డాయి.

అమ్మకి అవకాశం దొరికింది. ఆదివారం లెక్కల క్లాసు ఒకటి తన దృష్టిలో ఉంది. తిరిగే తిరుగుడు అక్కడికి తిరిగితే లెక్కలైనా వస్తాయంది. నాన్న ఒక రాత్రి భోజనాల దగ్గర, నా వైపు చూడకుండా, వచ్చే ఆదివారం కూడా ఇలాగే ఉంటే మానేద్దాం అన్నాడు. "ఓకే" అన్నాను. ఆ రోజుల్లో నేను ఇంగ్లీషులోనే జవాబిచ్చేదాన్ని. కష్టమైన వాటికి ఆ ఒక్క ముక్కే నా జవాబు.

ఆ ఆదివారం అక్కకి షిఫ్టు లేదు, మాతో వచ్చింది. అమ్మ కూడా వచ్చింది, నా కోసం కాదు. అటు నుంచి అటే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాలి. పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దోమలకి భయపడి అద్దాలెత్తుకుని కారులోనే కూర్చుంది.

నేను బల్ల దగ్గర కూర్చుని గురి చూసి కాల్చాను. అన్నీ తలోదిక్కుకీ పోయాయి. నాన్న బైనాక్యులర్స్‌తో కాగితాన్ని చూస్తున్నాడు. అక్క మాత్రం కాగితాన్ని చూడలేదు, నన్నే చూస్తోంది. రైఫిల్ కింద పెట్టాక నన్ను పక్కకి పిలిచి, రెండు చేతులూ ముందుకి చాచి అరచేతుల మధ్య చిన్న కంత చెయ్యమంది. రెండు కళ్ళూ తెరిచి ఆ కంతలోంచి తన ముక్కుని చూడమంది. ఇదేదో ఆట అనుకుని చూశాను. మళ్ళీ చూడమంది, మళ్ళీ చూశాను.

"బుజ్జీ, ఎన్ని సార్లు చేసినా ఆ కంతల నాకు నీ ఎడమ కన్నే కనబడ్తంది" అంది.

చేతికి ఉన్నట్టే కంటికీ వాటం ఉంటుందట. కుడి భుజానికి రైఫిల్ ఆనించినా, నాకు తెలియకుండానే నా ఎడమ కన్ను స్కోప్ అద్దం వెనక్కి రావాలని పెనుగులాడుతోంది. అందుకని మెడ వంకర తిప్పి, చెంప రైఫిల్ చెక్క మీంచి ఎత్తి, స్కోప్ దగ్గరికి నేను పోతున్నాను. అందుకే లోపల ఎప్పుడూ సగం చంద్రుడిలా నల్లటి నీడ ఉండేది. అందరికీ అలాగే ఉంటుందేమో అనుకుని నేనెవరికీ చెప్పలేదు.

ఎడమ భుజానికి మార్చుకోమంది. నేను కారు వైపు చూశాను.

"అమ్మ విల్ బి సో మ్యాడ్, అక్కా."

అక్క కూడా కారు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నాది గూడ పుర్రచెయ్యే. దుకాణంల ఎడమతోనే రాస్త. మీ ఇంట్ల తినేటప్పుడే కుడి" అని కన్ను గీటింది. నాకు నవ్వాగలేదు. నాన్న తల గోక్కుని, ఏ భుజానికి పెట్టుకోవాలో నియమాల్లో ఎక్కడా లేదని ప్రకటించాడు. ఆయన అనుమతి ఇచ్చే పద్ధతి అది.

రైఫిల్ ఖాళీగా ఉందని నాన్న రెండుసార్లు చూశాక అక్క స్కోప్ పట్టుకునే రింగుల మరలు వదులు చేసింది. "కండ్లు మూసుకో. నీకెట్ల హాయిగుంటె అట్ల పెట్టుకో. స్కోప్ సంగతి మర్చిపో" అంది.

కళ్ళు మూసుకున్నాను. ఎడమ భుజానికి ఆనించుకున్నాను. చెంప చెక్క మీద వాలింది, మెడ తిన్నగా నిలబడింది. ఎవరో నా వీపు మీది బరువు దించినట్టనిపించింది. తెరవమంటే తెరిచాను, అంచున ఇంకా కొంచెం నలుపు. మళ్ళీ మూసుకోమని స్కోప్‌ని కాస్త ముందుకి జరిపింది. అలా మూస్తూ తెరుస్తూ ఒకసారి తెరిచేసరికి అంచు నుంచి అంచు దాకా నిండు వెలుగు. నేను కదలలేదు. గురి దానంతటదే వచ్చి నా కంటి ముందు నిలబడింది.

"నువ్వు దాని దగ్గరికి పోవుడు కాదు బుజ్జీ, అదే నీ దగ్గరికి రావాలె" అంది అక్క.

తర్వాత దారానికి తాళంచెవి కట్టి దూరంగా వేలాడదీసి, లోపలి నిలువుగీతని ఆ దారంతో కలిపి సరిచేసింది. నాన్న మరలన్నీ వరుస తప్పకుండా బిగించాడు. మళ్ళీ కాల్చాను. నడిమధ్యన ఒక్కటీ తగల్లేదు. కిందికి, కుడివైపుకి ఓ మూలన పడ్డాయి. నేను రైఫిల్ కింద పెట్టేశాను. అక్కేమో ఎగిరి గంతేసి అరిచింది. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఒకే చోట పడ్డాయట. తలోదిక్కూ పోతే ఎవరూ ఏమీ చేయలేరు, ఒకే చోట తప్పితే దిద్దుకోవచ్చు. స్కోప్ మీదున్న మరల్ని టిక్కుటిక్కుమని తిప్పింది. ఆ తర్వాత కాల్చినవి నల్ల చుక్కలోనే పడ్డాయి.

అక్క అరుపుకి అమ్మ కంగారుపడి కారు దిగి వచ్చింది. "అటు పెట్టుకుందేంటండీ?" అని అడిగింది. "అటు పెట్టుకుంటేనే తగులుతోంది" అని నాన్న బైనాక్యులర్స్ ఆమె చేతికిచ్చాడు. అమ్మ కాగితాన్ని చూసి, బైనాక్యులర్స్ దించి, నన్ను చూసింది. మిగిలినవి కాల్చేదాకా దోమల్ని కూడా తోలుకోకుండా నిలబడింది. నా చెయ్యి వణక్కుండా ఏ పనైనా చేయడం అమ్మ అంతకు ముందు చూసి ఉండదు.

అంతా అయ్యాక డబ్బా మూత తీసి సున్నుండ ఒకటి పట్టుకుంది. నేను చెయ్యి చాచాను. చాచాక చూసుకుంటే అది ఎడమ చెయ్యి. వెనక్కి తీసుకోవాలనుకున్నాను. అమ్మ పెదవి కదిలింది, ఆ మాట రాబోయింది. రాలేదు. సున్నుండ నా ఎడమ అరచేతిలో పెట్టి, తన చేత్తో నా వేళ్ళు ముడిచింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తిను" అంది.

లెక్కల క్లాసుకి మాత్రం ఆదివారాలు వదిలేసి శనివారాలు పంపింది, అది తప్పలేదు. అక్క చదువయ్యాక ఉద్యోగానికి కిచెనర్ అనే ఊరికి వెళ్ళిపోయింది. నేను చాలా ఏళ్ళు ఎడమ భుజంతోనే ఆడాను. పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నప్పుడు తెలిసింది, గురి అంటే నమ్మకం అని కూడా అర్థం ఉందని. ఎవరి మీదైనా నమ్మకం కలిగితే గురి కుదిరింది అంటారట. ఆ రోజు నాకు కుదిరింది రెండూ.

ఇప్పటికీ ఏదైనా నా వల్ల కానప్పుడు ఒకసారి కళ్ళు మూసుకుంటాను. హాయిగా కూర్చుని, తర్వాత తెరుస్తాను. నా మనవరాలికి వచ్చిన కాసిని తెలుగు ముక్కల్లో ఒకటుంది, ఎవరు నేర్పారో తెలియదు, అస్తమానం వాడుతుంది. బూటు లేసు కట్టుకోలేక విసిరేసి, "నాకు చేతకాదు అమ్మమ్మా" అంటుంది. నేను లేసు ముట్టుకోను. దాని రెండు చేతులూ నా ఒళ్ళోకి తీసుకుని, "ఏ చేతికి?" అని అడుగుతాను.