సరే అంటే ఒప్పుకోని మూర్తిగారు

శ్రీరామచంద్రమూర్తి గారితో ఎవరూ ‘సరే’ అనకూడదు. అంటే కదలనివ్వరు. ఆయన ఏం చెప్పినా విన్నవాళ్ళు దాన్ని పొల్లుపోకుండా తిరిగి ఆయనకి అప్పజెప్పాలి. ఆయన కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి, అంతా విని అప్పుడు “కరెక్ట్” అంటారు. అనకాపల్లిలో సగం మంది ఆ ‘కరెక్ట్’ కోసం పనులు ఆపుకుని నిలబడి ఉంటారని ఆయన తమ్ముడి కూతురు శ్రీదేవి అంటుంది.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. బెల్లం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, కొట్టు తమ్ముడికి వదిలేసి, ముప్పై నాలుగేళ్ళు విమానాశ్రయాల్లో గ్రౌండ్ కంట్రోలర్‌గా చేశారు. ఆకాశంలో ఎగిరే విమానం సంగతి ఆయనకి పట్టదు. నేల మీద అది ఏ దారిన నడవాలి, ఎక్కడ తిరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది అద్దాల గదిలోంచి మైకులో చెప్పడం ఆయన పని. పైలెట్ విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. రిటైరైన వాళ్ళు ఇంటికి శాలువా తెచ్చుకుంటారు, ఈయన రీడ్‌బ్యాక్ తెచ్చుకున్నారు.

“కన్నబాబూ, బెల్లం మార్కెట్ దాటేక ఎడమకి తిరుగు. వంతెన ఎక్కకు. ముందరే ఆగు,” అంటారు ఆటో ఎక్కి.

“అలాగే బాబూ.”

“అలాగే అంటే ఎలాగ?”

కన్నబాబు హ్యాండిల్ మీంచి చేతులు తీసేసి నిట్టూరుస్తాడు. “మార్కెట్టు దాటేక ఎడమకి తిరుగుతాను. వంతెన ఎక్కను. ముందరే ఆగుతాను. రోజూ ఎల్లేది అక్కడికే కదేటి బాబూ?”

“అయితే రోజూ చెప్పు.”

ఒకసారి తమ్ముడు ఊళ్ళో లేడని బెల్లం వేలానికి ఆయన వెళ్ళారు. అక్కడ బేరమంతా తల ఊపుళ్ళతోనే నడుస్తుంది. ఊపిన ప్రతి తలనీ పట్టుకుని నోటితో చెప్పమన్నారు. పొద్దున్నే అయిపోవాల్సిన వేలం భోజనాల వేళ దాకా సాగింది. ఆ ఎండకి బెల్లం దిమ్మలు చెమ్మగిల్లాయి. తమ్ముడు మళ్ళీ ఊరు వదిలి వెళ్ళలేదు.

భార్య వరహాలక్ష్మి గారొక్కరే ఆయనకి లొంగలేదు. “సాయంత్రం ఉప్మా చెయ్యి, ఉల్లిపాయ వద్దు” అంటే, “ఉప్మా, ఉల్లిపాయ వద్దు” అని చక్కగా అప్పజెప్పి, ఇన్ని ఉల్లిపాయలు కోసి వేసేవారు. అదేమిటంటే, “తిరిగి చెప్పమన్నారు, చెప్పేను. అలాగే చేత్తానని అన్నానా?” అనేవారు. ముప్పై నాలుగేళ్ళలో ఏ పైలెట్టూ ఆయన్ని ఇంతగా ఓడించలేదు.

పెదనాన్న మీద జోకులు వేస్తూ పెరిగిన శ్రీదేవి, పెద్దయ్యాక అదే ఉద్యోగంలో చేరింది. ఉత్తరాదిలో మంచు కమ్మే ఊరొకటి ఇచ్చారు. మైకు ముందు కుర్చీ దొరికి ఎనిమిది నెలలు. డిసెంబర్లో చెప్పాపెట్టకుండా అనకాపల్లి వచ్చింది. ఈసారి పెదనాన్నని ఒక్క మాట కూడా ఆటపట్టించలేదు.

జరిగిందేమిటంటే, ఒక తెల్లవారుజామున అక్కడ పాలు పొంగినట్టు మంచు పట్టింది. ఒక విమానాన్ని రెండో మలుపు దగ్గర ఆగమంది. “రోజర్” అన్నాడు పైలెట్. విన్నానని చెప్పడానికి వాళ్ళు వాడే మాట. వెనక ఐదు విమానాలు తొందరపెడుతున్నాయి. తిరిగి చెప్పించకుండా వదిలేసింది. అతను ఆగలేదు. ఎదురుగా వస్తున్న ఇంకో విమానం ముక్కు దాకా వెళ్ళి నిలబడ్డాడు. విమానం తనంతట తాను వెనక్కి నడవదు. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా రెండూ ముప్పావుగంట సేపు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచీ మైకు తలుచుకుంటేనే శ్రీదేవికి భయం వేస్తోంది. సోమవారం మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవాలి. లేదా ఫైళ్ళ పనికి మార్చమని రాసిన ఉత్తరం పంపాలి. ఉత్తరం ఫోన్లో సిద్ధంగా ఉంది. వేలితో నొక్కడమే మిగిలింది.

మూడో రోజు పొద్దున్నే పెదనాన్న నడకకి లాక్కెళ్ళారు. శారదా నది మీంచి లేచిన మంచు మార్కెట్ వీధుల్లోకి వచ్చి కూర్చుంది. మనుషులకి కాళ్ళు లేవు, ఇళ్ళకి కప్పులు లేవు. గాలంతా తియ్యగా, కొత్త బెల్లం వాసన. పైనెక్కడో కనపడని విమానం ఒకటి వైజాగ్ వైపు దిగుతుంటే మూర్తిగారు ఆగి, అది వినపడనంత దూరం వెళ్ళేదాకా నవ్వుతూ విన్నారు. నిద్రలో నడుస్తున్నట్టు ఉంది శ్రీదేవికి. ఎంతో హాయిగా కూడా ఉంది.

మలుపు తిరిగేసరికి ఆ హాయి పోయింది. ఇరుకు వీధిలో రెండు లారీలు ముఖాముఖీ ఇరుక్కున్నాయి. ఒకటి పాత డ్రైవర్ సత్తియ్యది. రెండోది కొత్తగా చేరిన ధనరాజుది. హమాలీలంతా ధనరాజు చుట్టూ చేరారు.

“ఇటు రావద్దని సెప్పేం కదేటి? తలూపేవు కదా?”

ధనరాజు తల దించుకుని నిలబడ్డాడు. శ్రీదేవికి అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

మూర్తిగారు చెయ్యెత్తి మధ్యలోకి వెళ్ళారు. “సత్తియ్యా, వెనక్కెళ్ళి కొళాయి దగ్గర ఆగు. ధనరాజు ముందుకొచ్చి కుడిపక్క గోడౌన్లోకి తిరుగుతాడు. తరవాత నువ్వు రా. ఏదీ, చెప్పు.”

“నేను లారీ తోల్తన్నది నిన్నా మొన్నా బాబూ?”

“చెప్పు.”

సత్తియ్య చెప్పాడు. అక్షరం తప్పలేదు.

“మళ్ళీ చెప్పు.”

హమాలీలు నవ్వారు. సత్తియ్య గొణుక్కుంటూ మళ్ళీ చెప్పాడు. అప్పుడు మూర్తిగారు ధనరాజు వైపు తిరిగారు.

“ముందుకొచ్చి… ఎడమకి…” అన్నాడు ధనరాజు. ఎవరూ నవ్వలేదు. నవ్వంతా సత్తియ్య మీద అయిపోయింది.

“కుడికి. మళ్ళీ చెప్పు నాయనా.”

“కుడికి తిరుగుతానండి.” గొంతు కాస్త లేచింది. “ఏ గోడౌనండి? ఇందాకా అదే తెలీలేదు నాకు.”

“పచ్చ తలుపులది.”

రెండు నిమిషాల్లో వీధి ఖాళీ అయింది.

“సత్తియ్య మొదటిసారే సరిగ్గా చెప్పేడు కదా పెదనాన్నా, మళ్ళీ ఎందుకు చెప్పించేవు?” అంది శ్రీదేవి.

“ఆడు సరిగ్గానే చెప్తాడమ్మా, నాకు తెల్సు. కొత్తోడి ఒక్కడి చేతే చెప్పిస్తే నలుగురిలో చిన్నబోతాడు. విమానాల్లోనూ అంతే. పక్కన పెద్ద కెప్టెన్ కూర్చుంటే చిన్నోడు నాకు అర్థం కాలేదు అనలేడు, రోజర్ అనేస్తాడు. అందుకని కెప్టెన్ల చేత కూడా రెండేసిసార్లు చెప్పించేవాణ్ణి. మూర్తికి చాదస్తం అనుకునేవారు. చాదస్తం నాదైతే ఆడికి సిగ్గుండదు కదా.”

శ్రీదేవికి కళ్ళు నిండాయి. అప్పుడు మొత్తం చెప్పేసింది, ఉత్తరం సంగతి కూడా. ఆయన ఓదార్చలేదు.

“ఆ పైలెట్ గొంతు ఎలాగుంది?” అన్నారు.

ఇన్నాళ్ళూ తన భయం తప్ప అతని గొంతు ఆమెకి గుర్తే రాలేదు. “చిన్నవాడిలా ఉంది. వణికింది కొంచెం.”

“సోమవారం ఆడూ వత్తాడు కదా డ్యూటీకి,” అన్నారు మూర్తిగారు.

ఇంటికి చేరేలోపు శ్రీదేవి ఉత్తరం చెరిపేసింది.

సోమవారం తెల్లవారింది గానీ ఎవరికీ కనపడలేదు. అద్దాల గది కింద మంచులో నీలం దీపాల వరస ఒక్కటే తేలుతోంది. శ్రీదేవి మొదటి విమానానికి దారి చెప్పింది.

“రోజర్,” అంది బొంగురు గొంతు.

“పూర్తిగా చెప్పండి సార్.”

“మేడం, ఈ దారిలో పాతికేళ్ళుగా తిరుగుతున్నాను.”

“తెలుసు సార్. అయినా చెప్పండి.”

చెప్పాడు. తప్పేమీ లేదు.

“ఇంకొక్కసారి సార్.”

వెనక కూర్చున్న పైఅధికారి దగ్గారు.

“మూర్తిగారని ఒకాయన, మీకు తెలుసా?” అంది బొంగురు గొంతు.

“మా పెదనాన్న సార్.”

“నా మొదటి రోజు, మా కెప్టెన్ చేత మూడుసార్లు చెప్పించారు. మూడోసారికి నాకు అర్థమైంది.”

ఆ తరవాత ఆయన ఒక్కో మాటా విడివిడిగా, అవసరం లేనంత నెమ్మదిగా తిరిగి చెప్పి కదిలాడు.

వెనక విమానంలోంచి వచ్చిన గొంతుని శ్రీదేవి వెంటనే గుర్తుపట్టింది. కొంచెం వణుకుతోంది.

“మేడం, రెండో మలుపు తరవాత నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెబుతారా?”

ఇంకా ఏడు విమానాలు వరసలో ఉన్నాయి. శ్రీదేవి మొదటి నుంచీ తాపీగా చెప్పడం మొదలుపెట్టింది.