మగ సవతి

నాకంటే తెలివితక్కువ పని చేసినవాళ్ళు మా ప్రొద్దుటూరులో ఉండవచ్చు గానీ, అంత శ్రద్ధగా చేసినవాళ్ళు మాత్రం ఉండరు. నా భార్య కళ్ళకు వీరుడిగా కనపడాలని, ఆమెను నేనే బండి మీద ఎక్కించుకుని జమ్మలమడుగు తీసుకుపోయి, నేను ఆడే ఆటలో కూర్చోబెట్టాను. దాని ఫలితంగా, పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాకొక సవతి వచ్చాడు. ఈ మాటకు తెలుగులో మగరూపం లేదు. ఇదివరకు ఎవరికీ అవసరం పడి ఉండదు. నాకు పడింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. మా బావమరిది బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తాడు. అతని భార్య ఉద్యోగం జమ్మలమడుగులో కాబట్టి కాపురం అక్కడ. బెంగళూరులో ఉన్న రోజుల్లో ఈ ఆట నేర్చుకుని వచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడాలి. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిగా మారి, రాక్షసులూ కోటలూ మంత్రాలూ ఉన్న లోకంలో తిరుగుతారు. ఏం చేయబోతున్నామో నోటితో చెప్పాలి. అది నెరవేరుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అన్ని ముఖాలుండీ మనకు అవసరమైనప్పుడు ముఖం చాటేయడం దాని గొప్పతనం. ప్రతి మనిషికీ ఒక కాగితం ఉంటుంది. దాని మీద బలం ఇంత, చురుకు ఇంత, తెలివి ఇంత అని అంకెలు.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. తక్కువ సమయంలో ఎక్కువ మార్కులు ఎట్లా లాగాలో నేర్పడమే నా బతుకు. ఆట నియమాల పుస్తకం చేతిలో పడగానే అందులో నాకు కథ కనపడలేదు, సిలబస్ కనపడింది. ఎంత పొడుగు మనిషికి ఏ గొడ్డలి ఇస్తే దెబ్బ రెట్టింపు అవుతుందో, ఏ శాపాన్ని కావాలని తగిలించుకుంటే దానికి బదులుగా ఎంత బలం దక్కుతుందో అంతా పిండి ఆరబెట్టాను. తెలివిలో కోత కోసి కండలో వేశాను.

"తెలివి ఇంత తక్కువేంది బావా?" అన్నాడు బావమరిది కాగితం చూసి.

"గొడ్డలికి తెలివెందుకురా?"

"సరే, ఈ వీరునిది ఏ ఊరు? అమ్మానాయనా ఎవురు?"

"అది ఎన్ని మార్కులకు?" అన్నాను.

మూడోవాడు మా ఊళ్ళో ఏసీలు బాగుచేసే మిత్రుడు. చాలాకాలం కువైట్‌లో అదే పని చేసి వచ్చాడు. ఎండలో మిద్దెలెక్కి దిగే మనిషి కాబట్టి ఆటలో తాళాలు తీసే దొంగగా మారి, నీడపట్టున హాయిగా తిరిగేవాడు. నన్ను అన్నా అంటాడు. నా గొడ్డలి అంటే అతనికి భక్తి. ఇట్లా ముగ్గురం ఆదివారాలు బాగానే గడుపుతున్నాం.

నా భార్యది పులివెందుల. ప్రొద్దుటూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. "ఆదివారమాదివారం మా తమ్ముని కొంపలో ఏం చేస్తాండారప్పా మీరు?" అని అడిగేది. నేను నరికిన తలల గురించి చెబితే వింటూ చిక్కుడుకాయలు తుంచేది. చెబితే కాదు, చూస్తే తెలుస్తుంది నా సంగతి అనుకున్నాను. అదే ఆ శ్రద్ధగా చేసిన పని.

బావమరిది ఆమె ముందు కాగితం పెట్టి, "అక్కా, నువ్వు యవురు?" అన్నాడు.

"వంటామెను. వయసైపోయినాది. మోకాళ్ళ నొప్పులు, బిరీన నడవలేను. మొగుడు పోయినాడు."

"బలం రొంత పెంచుకోమ్మే, మొదటి దెబ్బకే చస్తావు," అన్నాను, తక్కువ మార్కుల పిల్లను చూసిన బాధతో.

"చస్తే చస్తా. ఆయప్ప కాడికే గదా పోయేది."

మా బల్ల దగ్గర ఒక నియమం ఉంది. ఆటలోని మనిషిగా మాట్లాడుతూ ఎవరు ఏ పాత సంగతి చెప్పినా అది జరిగినట్టే లెక్క. అనుమానం ఉన్నవాళ్ళు పాచిక వేసి నిజమో అబద్ధమో తేల్చుకోవచ్చు. ఆ నియమం ఎంత ప్రమాదమో ఆరోజు తెలిసింది.

మేం ఒక వంతెన దాటాలి. దాని మీద ఈటె పట్టుకుని ఒక రాక్షసుడు నిలబడ్డాడు. రాక్షసుడి గొంతు బావమరిదిదే. "అడుగేస్తే నమిలేస్తా!" అని అరిచాడు. నేను గొడ్డలి ఎత్తి, భార్య వైపు ఓరగా చూసి, పాచిక చేతిలోకి తీసుకున్నాను.

"ఉండప్పా," అన్నదామె. రాక్షసుడి వైపు తిరిగి, "నమలడానికి మా కాడ యేముండాది నాయనా, ఎముకలు. ఎంతసేపైంది నిలబడి?"

బావమరిది తడబడ్డాడు. "తెల్లారినప్పట్నుంచీ."

"కూర్చోగూడదా? మా ఆయప్ప గూడా ఇంతే, కాలవ తూము కాడ కాపలా. యండలో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయేటివి. అయినా నేను పోయి మాట్లాడితే చేతిలో కట్టె పక్కన పెట్టి వినేటోడు. ఎప్పుడైనా సరే, నేను మాట్లాడితే చేతిలోది కింద పెట్టేటోడు."

రాక్షసుడు ఈటె కింద పెట్టాడు. కూర్చున్నాడు. మేం దాటిపోయాం. పాచిక పడనే లేదు, నా గొడ్డలి గొడ్డుబోయింది. పాత్ర అంటే గిన్నె కూడా కదా. నాది మోగే పాత్ర, ఆమెది నిండిన పాత్ర అని మొదటిరోజే తేలిపోయింది.

అంతటితో ఆగి ఉంటే సహించేవాణ్ణి. కానీ ఆ చచ్చిపోయినాయన ఆదివారం ఆదివారానికీ బలపడసాగాడు. ఆమె మోకాళ్ళ కోసం తన నడక తగ్గించుకునేవాడట. బియ్యంలో రాళ్ళు తనే ఏరేవాడట. వాన వస్తే ముందుగా పక్కింటి ముసలామె పిడకలు లోపల పెట్టి, తర్వాత తమవి పెట్టేవాడట. నన్ను అన్నా అని పిలిచే మిత్రుడు అదే నోటితో ఆయన్నీ అన్నా అనడం మొదలుపెట్టాడు. తాళం తీసే ముందు, "వదినా, అన్న ఉండింటే ఈ తలుపు తీయమంటుండెనా?" అని అడిగేవాడు. నేను పక్కనే ఉన్నాను. బతికే ఉన్నాను.

నాకు తెలిసిన విద్య ఒకటే. పోటీలో మార్కులు ఎక్కడ వస్తున్నాయో చూసి అక్కడ దెబ్బ కొట్టడం. ఇంట్లో ఆమె మాట్లాడగానే ఫోను కింద పెట్టాను.

"ఏమప్పా, చార్జింగ్ అయిపోయిందా?"

బంగారు అంగళ్ళ వీధిలో ఆమెతో సమంగా మెల్లగా నడిచాను.

"ఏమన్నా కొనిచ్చేదుందా? ఒక్కో అంగడి ముందర నిలబడి నిలబడి నడుస్తాండావు."

మిగిలిన వీధంతా పరుగులాంటి నడకతో దాటించాను. బియ్యం మాత్రం సంచిలో శుభ్రం చేసి వస్తున్నాయి, ఏరడానికి ఒక్క రాయి దొరకలేదు.

ఇక ఆటలోనే గెలవాలనుకున్నాను. బావమరిది కథలో ఒక పెద్ద జలాశయం ఉంది. మైలవరం డ్యాం చూసి అల్లాడని మాకందరికీ తెలుసు. దాని గట్టు కింద నిప్పులు కక్కే రెక్కల పాము. దాన్ని ఒక్కడే చంపడం అసాధ్యమని నియమాల పుస్తకం అంటుంది. ఆ పుస్తకంలో ఎక్కడెక్కడ సందులున్నాయో నాకు తెలుసు. చంపాను. మిత్రుడు కుర్చీలోంచి లేచి, "శభాష్ అన్నా!" అని అరిచాడు.

నా భార్య నెమ్మదిగా అన్నది: "గుడ్ల మీద కూర్చోనుండాది పాపం. ఆయప్ప ఉండింటే సంపనిచ్చేటోడు కాదు."

మిత్రుడు కూర్చున్నాడు. "అవును వదినా," అన్నాడు. వీరుణ్ణి కాస్తా వీరబాదుడుగాణ్ణి అయ్యాను.

నాకు ఒళ్ళు మండింది. "చచ్చినోడు ఎట్ల ఆపుతాడప్పా? వాని బలమెంత? చురుకెంత? కాగితం చూపీండి!"

"అన్నా, పోయినోళ్ళ కాగితం అడుగుతారా? తప్పు," అన్నాడు మిత్రుడు, నిజంగా నొచ్చుకుని.

అప్పుడు అర్థమైంది. కాగితం లేదు కాబట్టి లోపమూ లేదు. నేను ఎన్ని సందుల్లో దూరినా ఇంతటి గట్టి మనిషిని తయారు చేయలేకపోయాను. ఆమె మాత్రం అంకె రాయకుండా, నోటి మాటతో, ఎవరూ ఓడించలేనివాణ్ణి నిలబెట్టింది. మొగుడి గురించి అంత ప్రేమగా మాట్లాడగలదని కూడా అప్పుడే తెలిసింది. ఆ మాటలు నా గురించి కావు, అదొక్కటే ఇబ్బంది.

ఒక ఆదివారం అందరం పులివెందులలో మా అత్తగారింట్లో కలిశాం. భోజనాలయ్యాక వసారాలోనే ఆట పెట్టాం. అత్తగారు ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చి పెడుతూ, కూతురి నోట "మొగుడు పోయినప్పట్నుంచీ" అనే మాట విని కొయ్యబారిపోయింది.

"ఏందే ఆ మాట! పసుపూ కుంకం పెట్టుకోని, అల్లుడు ఎదురుంగా ఉండంగా, మొగుడు పోయినాడంటావా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. ఈ ఆటకు ఈరోజుతో తెర పడుతుందనుకుని, ముఖం వీలైనంత దీనంగా పెట్టాను.

"ఆయప్ప వేరేమా. ఈయప్ప కాదు," అన్నది నా భార్య.

ఆ 'వేరే' నా గుండెలో గొడ్డలిలా దిగింది. దానికి పాచిక కూడా వేయలేదు.

"యాడోడే వాడు?" అత్తగారు గొంతు తగ్గించింది.

"కాలవ కాడ కాపలామా. శానా మంచోడు," అన్నాడు బావమరిది.

ఆమె కింద కూర్చుని ఒక కాయ ఒలిచింది. "తాగేటోడా?"

"ల్యా," అన్నది నా భార్య.

"కొట్టేటోడా?"

"వదిన మాట్లాడితే చేతిలో కట్టె కింద పెట్టేటోడమ్మా!" అన్నాడు మిత్రుడు, ఎవరో తన అన్నను అనుమానించినట్టు.

"దీని వంట తినేటోడా?"

"మెతుకు వదిలేటోడు కాదుమా. నా పులుసు గురించి ఊరంతా చెప్పుకునేటోడు," అన్నది నా భార్య.

"యట్ల పోయినాడు?"

"జరమొచ్చి."

"అయ్యో నాయనా," అని అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత నన్ను చూసింది. రెండో సంబంధంవాణ్ణి చూసినట్టు చూసింది. "తినండి నాయనా, చెనిక్కాయలు తినండి," అన్నది జాలిగా.

ఆ వారమే నా వీరుణ్ణి విరమింపజేశాను. "ఇన్ని అంకెలు పెంచి ఎందుకు బావా?" అని బావమరిది మొత్తుకున్నా వినలేదు. కొత్త మనిషి వస్తాడని చెప్పాను. వారమంతా ఆ కొత్తవాడి గురించే ఆలోచించాను. ఏ కాలు ఈడుస్తాడు, ఏం కట్టుకుంటాడు, ఎందుకు పెళ్ళి చేసుకోలేదు. క్లాసులో ఎక్స్ విలువ కట్టడానికి బదులు, ఎక్స్‌కు వెనకా ముందూ ఎవరూ లేరు పాపం అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

జమ్మలమడుగులో ఆట మొదలైంది. కథలో వాన. మావాళ్ళు ఒక సత్రంలో తలదాచుకున్నారు. మూలనుంచి ఎవరో దగ్గారు. దగ్గింది నేను.

"యవురది?" అన్నది నా భార్య.

"నన్ను గుర్తుపట్టల్యా వదినా? నీ మొగునితో తూము కాడ కాపలా ఉన్నోణ్ణి."

కట్టుకున్న భార్యను వదినా అనడం కొంచెం గొంతులో అడ్డం పడింది గానీ, దాన్నీ దగ్గులో కలిపేశాను.

"అన్నకు దోస్తువా!" మిత్రుడు తన కుర్చీ జరిపాడు. "రా భాయ్, రా, కూర్చో." నా వీరుడికి ఎవరూ ఏనాడూ కుర్చీ జరపలేదు. బావమరిది నా కాగితం లాక్కుని చూశాడు. దాని మీద ఏమీ రాసి లేదు.

నా భార్య బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగింది. ఆ లోకంలో గానీ ఈ లోకంలో గానీ ఆమె నా వైపు అంత ఆత్రంగా చూడటం చాలాకాలం తర్వాత అదే. "ఆయప్ప గురించి చెప్పు," అన్నది.

"చెప్పాలంటే కష్టముండాది వదినా. దినామూ నువ్వు సద్ది కట్టిచ్చేదానివే..."

"ఊ."

"అది నేను తింటాంటి."

బావమరిది నా ఖాళీ కాగితాన్ని తిరగేసి చూశాడు.

"ఆయప్పకు నీ పులుసు పడదు. మూట విప్పి నా చేతికిచ్చి, తాను గట్టు మీద కూర్చోని బొరుగులు తినేటోడు. నీ మనసు నొప్పించగూడదని, ఎట్లుందో నన్నడిగి, నేను చెప్పిందే ఊరంతా చెప్పుకునేటోడు."

"యా అల్లా! అన్న అట్ల చేసినాడా?" అన్నాడు మిత్రుడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నా భార్య చెయ్యి చాచి పాచిక తీసుకుంది. ఆట మొదలుపెట్టినప్పటినుంచీ తనంతట తాను దాన్ని తాకలేదు. వేళ్ళ మధ్య తిప్పి, వేయకుండానే బల్ల మీద పెట్టేసింది.

"పాచికెందుకులే. తిన్నోడివైతే చెప్పు. నా పులుసులో ఏం తక్కువ?"

పెళ్ళయినప్పటినుంచీ రోజూ నేను ముద్దతోపాటు మింగుతూ వచ్చిన జవాబు అది. రెక్కల పామును చంపిన నా వీరుడికి కూడా దాన్ని చెప్పే గుండె లేదు. ఈ ముసలివాడికి పోయేదేముంది? తీరిగ్గా దగ్గి, గొంతు సవరించుకున్నాను.

"తక్కువేం ల్యా వదినా. చింతపండే రొంత ఎక్కువ. దినామూ."